వియత్నాంలో అడవుల పునరుద్ధరణ

వియత్నాంలో అడవుల పునరుద్ధరణ అనగా వియత్నాం యుద్ధంలో రసాయనాలు, బాంబులు, బుల్డోజర్ల వలన దెబ్బతిన్న అడవులను, మడ అడవులను, చిత్తడి నేలలను తిరిగి పెంచడానికి ఆ దేశంలో జరిగిన, జరుగుతున్న కృషి. 1961 నుండి 1971 వరకు దక్షిణ వియత్నాం అడవులపై 7 కోట్ల లీటర్లకు పైగా కలుపు సంహారక రసాయనాలు చల్లబడినవి. ఒక దేశపు వృక్షసంపదనే లక్ష్యంగా చేసుకొని ఇంత పెద్ద యెత్తున యుద్ధం సాగించడం చరిత్రలో అదే మొదటిసారి. 1975లో యుద్ధం ముగిసిన తరువాత ప్రభుత్వం, శాస్త్రజ్ఞులు, గ్రామీణులు కలసి చేపట్టిన పనుల వలన 1990 ప్రాంతంలో దేశ విస్తీర్ణంలో సుమారు 28 శాతానికి పడిపోయిన అటవీ విస్తీర్ణం 2020 నాటికి 42 శాతానికి పెరిగినది. అయితే ఇందులో దాదాపు మూడో వంతు నాటిన తోటలే. పోయిన అడవికీ, నాటిన తోటకూ గల తేడా ఈ విషయంలో నేటికీ ప్రధానమైన చర్చ.

నేపథ్యం

వియత్నాం ఆగ్నేయాసియాలో ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిన దేశం. పడమర వైపు పర్వత శ్రేణులు, తూర్పున దక్షిణ చైనా సముద్రం, దక్షిణాన మెకాంగ్ నది డెల్టా ఉన్నవి. పర్వత ప్రాంతాలలో గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన డిప్టెరోకార్పస్, హోపియా, షోరియా జాతుల మహావృక్షాలతో కూడిన దట్టమైన వర్షారణ్యాలు, నదీముఖాలలో మడ అడవులు, మెకాంగ్ డెల్టా లోతట్టు భాగాలలో మెలలూకా చెట్లతో కూడిన చిత్తడి అడవులు విస్తరించి ఉండేవి. ఫ్రెంచి పాలన కాలంలో 1943లో వేసిన అంచనా ప్రకారం దేశంలో సుమారు 43 శాతం భూమిలో అడవులు ఉండేవి. వియత్నాం అటవీశాఖ ఈనాటికీ ఈ సంఖ్యనే కొలబద్దగా తీసుకొంటుంది.

రసాయనాల ప్రయోగం

దక్షిణ వియత్నాంలోని గెరిల్లా దళాలకు అడవులు రక్షణగా ఉండేవి. ఆకులు రాలిపోతే ఆ దళాలు విమానాలకు కనిపిస్తాయనీ, పంటలు నాశనమైతే వారికి ఆహారం దొరకదనీ అమెరికా, దక్షిణ వియత్నాం సైన్యాలు భావించాయి. 1961 ఆగష్టులో మొదటి ప్రయోగాత్మక పిచికారీ జరిగినది. 1962 జనవరిలో అమెరికా వైమానిక దళం "ఆపరేషన్ రాంచ్ హాండ్" అనే పేరుతో ఈ పనిని క్రమబద్ధంగా ప్రారంభించినది. 1971 జనవరి వరకు ఇది సాగినది.

రసాయనాలు నింపిన పీపాలపై గుర్తుగా వేసిన రంగు పట్టీలను బట్టి వాటికి పేర్లు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి:

* ఏజెంట్ ఆరెంజ్: 2,4-డి, 2,4,5-టి అనే రెండు రసాయనాల సమపాళ్ళ మిశ్రమం. మొత్తం పరిమాణంలో సగానికి పైగా ఇదే.
* ఏజెంట్ వైట్: 2,4-డి, పిక్లోరామ్‌ల మిశ్రమం. అడవులపై వాడబడినది.
* ఏజెంట్ బ్లూ: ఆర్సెనిక్ గల కాకోడిలిక్ ఆమ్లం. ముఖ్యంగా వరి పంటను నాశనం చేయడానికి వాడబడినది.

ఇందులోని 2,4-డి తెలుగునాట వరి పొలాలలో కలుపు నివారణకు కూడా వాడే మందే. పొలంలో వాడినప్పుడు తగిన మోతాదులో వెడల్పాకు కలుపును మాత్రమే చంపే ఈ మందును వియత్నాంలో సాధారణ వ్యవసాయ మోతాదుకు పది రెట్లకు పైగా, హెక్టారుకు సుమారు 28 లీటర్ల వంతున చల్లారు. సి-123 రకం రవాణా విమానం ఒక్కొక్కటి సుమారు 3,800 లీటర్ల ద్రావణాన్ని నాలుగైదు నిమిషాలలో కుమ్మరించేది. దక్షిణ వియత్నాం విస్తీర్ణంలో పదో వంతుకు పైగా ఈ విధంగా రసాయనాల పాలైనది. కొన్ని ప్రాంతాలపై మూడు, నాలుగు సార్లు కూడా చల్లడం జరిగినది.

బాంబులు, బుల్డోజర్లు

రసాయనాలతో పాటు బాంబులు కూడా అడవిని నాశనం చేసినవి. 1965 నుండి 1971 వరకు ఇండోచైనా దేశాలలో బాంబుల వలన ఏర్పడిన గోతుల సంఖ్య సుమారు 2 కోట్ల 60 లక్షలని అమెరికా శాస్త్రజ్ఞులు ఆర్థర్ వెస్టింగ్, ఇ.డబ్ల్యు. ఫైఫర్ 1972లో అంచనా వేశారు. గోతిలోని పైమట్టి చెదరిపోయి అడుగుమట్టి బయటపడడం వలన అక్కడ మొక్కలు మొలవడం కష్టమయ్యేది. నీరు నిలిచిన గోతులు దోమలకు నిలయాలయ్యేవి. చెట్ల మానులలో దిగబడిన ఇనుప ముక్కల చుట్టూ బూజు పట్టి చెట్లు కుళ్ళిపోయేవి. అటువంటి దుంగలను కోయబోతే రంపాలు విరిగిపోవడం యుద్ధానంతరం కలప మిల్లులకు నిత్య సమస్య అయినది. "రోమ్ ప్లౌ" అనే భారీ నాగలి పలకను అమర్చిన బుల్డోజర్లతో రోడ్ల వెంబడి, సైనిక స్థావరాల చుట్టూ అడవిని నేలమట్టం చేశారు. ఈ పద్ధతిలో పైమట్టి కూడా కొట్టుకుపోయేది.

వృక్షసంపదపై ప్రభావం

మడ అడవులు

రసాయనాల దెబ్బకు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయినవి మడ అడవులు. లోతట్టు అడవిలో ఒకసారి మందు చల్లితే ఆకులు రాలినా చాలా చెట్లు మళ్ళీ చిగురించేవి. మడ చెట్లలో, ముఖ్యంగా పొన్న జాతి (రైజోఫోరా) చెట్లలో, ఆ శక్తి లేదు. ఒక్క పిచికారీతోనే అవి నిలువునా ఎండిపోయాయి. దక్షిణ వియత్నాం మడ అడవులలో 36 శాతం ఈ విధంగా నాశనమైనట్లు అమెరికా జాతీయ విజ్ఞాన శాస్త్ర అకాడమీ 1974లో ప్రకటించిన నివేదిక అంచనా వేసినది.

చచ్చిన మడ అడవి దానంతట అది తిరిగి రాకపోవడానికి కారణాలు ఉన్నవి. పొన్న విత్తనం చెట్టుకు ఉండగానే మొలకెత్తి, పొడవైన కాడ వలె పెరిగి, బురదలో పడి నాటుకొంటుంది. తల్లిచెట్లు మైళ్ళ కొద్దీ ప్రాంతంలో చచ్చిపోతే మొలకలు ఇచ్చే చెట్టు ఉండదు. దూరం నుండి నీటిలో కొట్టుకొని వచ్చిన కొద్దిపాటి మొలకలను పీతలు తినివేస్తాయి. ఖాళీ అయిన మెరక నేలలను ఈత జాతికి చెందిన ఫీనిక్స్ పాలుడోసా, ఆక్రోస్టికమ్ అనే ఫెర్ను మొక్క ఆక్రమించుకొంటాయి. చెట్లు లేనందున ఒడ్లు కోసుకుపోతాయి. చేపలు, రొయ్యలు పిల్లలు పెట్టే చోటు పోవడంతో జాలరుల జీవనాధారం కూడా పోయినది.

లోతట్టు అడవులు

కొండ ప్రాంతాలలో ఒకసారి చల్లిన చోట నష్టం కొంతవరకు తీరినది. రెండు, మూడు సార్లు చల్లిన చోట పెద్ద చెట్లు చచ్చిపోయాయి. ఆకులన్నీ ఒకేసారి రాలి కుళ్ళడం వలన వాటిలోని పోషకాలు వర్షాలకు కొట్టుకుపోయాయి. నీడ పోయిన నేలపై వెదురు పొదలు, దర్భను పోలిన ఇంపెరాటా అనే గడ్డి దట్టంగా అల్లుకొన్నవి. అంతకు ముందు అంతగా కనబడని ఈ గడ్డిని స్థానికులు "అమెరికా గడ్డి" అని పిలిచారు. ఈ గడ్డి వేసవిలో ఎండి తేలికగా అంటుకొంటుంది. మంటలో మొక్కలు చచ్చిపోతాయి, గడ్డి మాత్రం భూమిలోని వేరుకాండం నుండి మళ్ళీ మొలుస్తుంది. ఏటా ఇదే జరగడం వలన యుద్ధం ముగిసి సంవత్సరాలు గడిచినా అడవి తిరిగి రాలేదు.

డయాక్సిన్

2,4,5-టి తయారీలో అనుకోకుండా కలిసే టి.సి.డి.డి. అనే డయాక్సిన్ అత్యంత విషపూరితమైనది. దీని వలన మనుషులకు కలిగిన హాని ప్రసిద్ధమే. ఈ కారణంగా మందు చల్లిన అడవి నేలలన్నీ ఈనాటికీ విషమయమై ఉన్నాయనీ, అందుకే అక్కడ చెట్లు మొలవవనీ ఒక అభిప్రాయం వ్యాపించినది. వాస్తవం వేరు. కలుపు మందులు నేలలో కొన్ని వారాలు, నెలలలో విచ్ఛిన్నమవుతాయి. డయాక్సిన్ నీటిలో కరగదు, మట్టి రేణువులకు అంటుకొని ఉంటుంది, ఎండ తగిలే పైపొరలో క్రమంగా నశిస్తుంది. మందు చల్లిన అడవులలో చాలా భాగంలో దీని మోతాదు ఇప్పుడు తక్కువగానే ఉన్నది. పీపాలు నిలవచేసిన, విమానాలలో నింపిన పాత వైమానిక స్థావరాలలో మాత్రం ఇది ప్రమాదకర స్థాయిలో మిగిలినది. వీటిలో బియెన్ హోవా, డా నాంగ్, ఫు కాట్ ముఖ్యమైనవి. కనుక అడవుల పునరుద్ధరణకు అడ్డుగా నిలిచినవి విషం కన్నా గడ్డి, మంటలు, పైమట్టి కోత, విత్తనాల కొరత అని చెప్పవచ్చును.

తొలి ప్రయత్నాలు

చెట్లు నాటడం వియత్నాంలో యుద్ధానికి ముందే ప్రజల అలవాటుగా మారినది. 1959 నవంబరులో ఉత్తర వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ "టెట్" పండుగ రోజులలో ప్రతి ఒక్కరూ మొక్క నాటాలని పత్రికా వ్యాసంలో పిలుపు ఇచ్చాడు. టెట్ అనేది మన ఉగాది వలె చాంద్రమానాన్ని అనుసరించి వచ్చే కొత్త సంవత్సరపు పండుగ. 1960 నుండి ఈ ఆచారం కొనసాగుతున్నది.

1975 తరువాతి పదిహేనేళ్ళు అడవులకు మంచికాలం కాదు. యుద్ధంలో పోయిన ఇండ్లు, వంతెనలు కట్టుకోవడానికి కలప, వంటకు వంటచెరకు, పెరుగుతున్న జనాభాకు ఆహారం కావలసి వచ్చాయి. ప్రభుత్వ అటవీ సంస్థలు ఎగుమతి కొరకు చెట్లను నరికించాయి. మైదానాల నుండి లక్షలాది జనాన్ని కొండ ప్రాంతాలలోని "కొత్త ఆర్థిక మండలాలకు" తరలించడం వలన, పోడు వ్యవసాయం వలన, తరువాత కాఫీ తోటల వలన అడవి ఇంకా తగ్గినది. ఈ విధంగా శాంతికాలంలో పోయిన అడవి కూడా తక్కువేమీ కాదు. దేశంలో అడవులు తరిగిపోవడానికి యుద్ధం ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు.

కాన్ జియో మడ అడవి

హో చి మిన్ నగరానికి (పూర్వపు సైగాన్) ఆగ్నేయంగా, సైగాన్, డోంగ్ నాయ్ నదులు సముద్రంలో కలిసే చోట కాన్ జియో ఉన్నది. యుద్ధానికి ముందు ఇక్కడ సుమారు 40,000 హెక్టార్ల మడ అడవి ఉండేది. అమెరికా సైన్యం ఈ ప్రాంతాన్ని "రుంగ్ సాట్" అని వ్యవహరించినది. సైగాన్ రేవుకు వెళ్ళే ఓడలన్నీ ఈ అడవి మధ్యగా పోవలసి ఉన్నందున, ఓడలపై దాడులను అరికట్టడానికి దీనిపై పదేపదే రసాయనాలు చల్లారు. యుద్ధం ముగిసేసరికి ఇది చాలావరకు బోసిపోయిన బురదనేలగా మిగిలినది.

1978లో ఈ ప్రాంతం డోంగ్ నాయ్ రాష్ట్రం నుండి హో చి మిన్ నగర పాలన క్రిందకు వచ్చినది. ఆ సంవత్సరమే నగర అటవీశాఖ మొక్కలు నాటే పని ప్రారంభించినది. దగ్గరలో తల్లిచెట్లు లేనందున దేశపు దక్షిణపు కొన అయిన కా మౌ నుండి పొన్న మొలకలను పడవలలో తెప్పించారు. దారిలో ఎండకు, వేడికి కొన్ని మొలకలు పాడయ్యేవి. వచ్చిన వాటిని యువజన దళాల సభ్యులు, స్థానికులు మోకాలి లోతు బురదలో దిగి చేతితో గుచ్చేవారు. మీటరుకు ఒకటి చొప్పున, అనగా హెక్టారుకు సుమారు 10,000 మొలకల వంతున నాటారు. నాటిన వాటిలో ముఖ్యమైనది రైజోఫోరా అపికులేటా అనే జాతి. కాకినాడ వద్ద కోరింగ మడ అడవులలో కనిపించే పొన్న చెట్లు కూడా ఈ ప్రజాతికి చెందినవే.

ఇరవై యేళ్ళలో సుమారు 20,000 హెక్టార్లలో మొక్కలు నాటడం జరిగినది. చెట్లు కొంత ఎదిగిన తరువాత ఒత్తుగా ఉన్న చోట్ల పలుచన చేసి ఆ కలపను వంటచెరకుగా, ఇండ్ల నిర్మాణానికి వాడుకొన్నారు. అయితే పేదరికం వలన దొంగతనంగా చెట్లు నరకడం ఆగలేదు. దీనికి పరిష్కారంగా 1990 నుండి అడవిని భాగాలుగా విభజించి స్థానిక కుటుంబాలకు కాపలా ఒప్పందంపై అప్పగించారు. ఆ కుటుంబాలు అడవిలోనే ఇల్లు కట్టుకొని, నెలనెలా ప్రభుత్వం ఇచ్చే సొమ్ము తీసుకొంటూ, చేపలు, పీతలు పట్టుకొంటూ తమ భాగాన్ని కాపాడతాయి. చెట్లు నాటినవారే కాపలాదారులు కావడం ఈ ప్రయత్నం నిలవడానికి ముఖ్య కారణంగా చెబుతారు.

నాటినవి కొన్ని జాతులే అయినా, నీడ, బురద స్థిరపడిన తరువాత తెల్ల మడ వంటి ఇతర జాతులు వాటంతట అవే వచ్చి చేరినవి. కోతులు, మొసళ్ళు, నీటిపక్షులు మళ్ళీ కనిపించసాగాయి. వీటిలో మొసళ్ళను మనుషులే తెచ్చి వదిలారు. 2000 జనవరిలో యునెస్కో కాన్ జియోను జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించినది. వియత్నాంలో ఈ గుర్తింపు పొందిన మొదటి ప్రాంతం ఇదే. దీని మొత్తం విస్తీర్ణం సుమారు 75,700 హెక్టార్లు.

ఒకే వయసు, ఒకే జాతి చెట్లు ఎక్కువగా ఉండడం ఈ అడవికి గల బలహీనత. 2006 డిసెంబరులో వచ్చిన దురియన్ తుఫానుకు అడవిలో కొంత భాగం నేలకూలి, పెద్ద ఖాళీలు ఏర్పడినవి. అటువంటి ఖాళీలలో మొక్కలు నాటకుండా, వివిధ జాతులు వాటంతట అవే ఎదిగేలా వదలడం మేలని శాస్త్రజ్ఞులు కొందరు సూచించారు.

మా దా అడవి: నీడ క్రింద మొక్కలు

డోంగ్ నాయ్ రాష్ట్రంలోని మా దా అడవి యుద్ధంలో తీవ్రంగా దెబ్బతిన్న లోతట్టు అడవులలో ఒకటి. ఇక్కడ మొదట పోయిన జాతుల మొక్కలనే, అనగా డిప్టెరోకార్పస్, హోపియా మొక్కలను, నేరుగా గడ్డినేలలో నాటారు. అవి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఈ మహావృక్షాల మొక్కలు సహజంగా పెద్దచెట్ల నీడలో, తేమలో పెరిగేవి. మండుటెండను, గడ్డిని, ఏటేటా వచ్చే మంటలను అవి తట్టుకోలేకపోయాయి.

ఆ అనుభవం నుండి రెండంచెల పద్ధతి రూపొందినది:

* మొదటి అంచెలో త్వరగా పెరిగి, ఎండను, బీద నేలను తట్టుకొనే చెట్లను నాటుతారు. ఆస్ట్రేలియా తుమ్మ (అకేషియా ఆరిక్యులిఫార్మిస్), సీమ తంగేడు, ఇండిగోఫెరా జాతి చెట్టు ఇందుకు వాడబడినవి. ఇవన్నీ చిక్కుడు కుటుంబానికి చెందినవి. తుమ్మ, ఇండిగోఫెరాల వేళ్ళ బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది.
* మూడు నాలుగేళ్ళలో ఈ చెట్ల నీడ పరుచుకొని గడ్డి చచ్చిపోతుంది. గడ్డి పోతే మంట కూడా తగ్గుతుంది.
* రెండవ అంచెలో ఆ నీడ క్రింద స్థానిక మహావృక్షాల మొక్కలను నాటుతారు.
* స్థానిక వృక్షాలు ఎదిగే కొద్దీ వాటికి వెలుతురు కొరకు పై చెట్లను క్రమంగా నరికి కలపకు వాడతారు.

పక్షి శాస్త్రజ్ఞుడు, పర్యావరణవేత్త వో క్వి ఈ పద్ధతిని గురించి దేశవిదేశాలలో విస్తృతంగా ప్రచారం చేశాడు. ఈ ప్రాంతంలో చాలా భాగం తరువాత డోంగ్ నాయ్ ప్రకృతి, సాంస్కృతిక రక్షిత ప్రాంతంలో చేరినది. పై చెట్లు ఏడెనిమిదేళ్ళలో కలపకు వస్తాయి. స్థానిక వృక్షాలు పూర్తిగా ఎదగడానికి అరవై నుండి వంద సంవత్సరాలు పడుతుంది. అందువలన మా దాలో ఇప్పుడు కనిపించేది ఇంకా లేత అడవి మాత్రమే.

ట్రామ్ చిమ్ చిత్తడి నేలలు

మెకాంగ్ డెల్టాలోని "రెల్లు మైదానం" వర్షాకాలంలో నీట మునిగి ఉండే విశాలమైన పల్లపు ప్రాంతం. గెరిల్లాలకు స్థావరంగా ఉన్నందున యుద్ధకాలంలో దీనిలోని నీటిని కాలువలు త్రవ్వి బయటకు పంపారు, గడ్డిని, మెలలూకా చెట్లను తగలబెట్టారు. ఇక్కడి మట్టిలో పైరైట్ అనే గంధకపు ఖనిజం ఉన్నది. నీటి అడుగున ఉన్నంతకాలం దీని వలన హాని లేదు. నీరు ఇంకిపోయి గాలి తగిలినప్పుడు అది గంధకికామ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం వలన మొక్కలు, చేపలు చచ్చిపోయాయి, వరి కూడా పండలేదు.

ఇక్కడ మొక్కలకంటే ముందు నీటిని తిరిగి తేవలసి వచ్చినది. 1980వ దశకంలో స్థానిక అధికారులు గట్లు కట్టి వర్షపు నీటిని నిలవచేశారు. నీరు నిలిచిన తరువాత ఆమ్లత్వం తగ్గి మెలలూకా, తుంగ, అడవి వరి మళ్ళీ పెరిగినవి. యుద్ధం తరువాత కనిపించకుండా పోయిన సారస కొంగలు 1980వ దశకం మధ్యలో తిరిగి వచ్చాయి. ట్రామ్ అనగా మెలలూకా చెట్టు, చిమ్ అనగా పక్షి. ఈ ప్రాంతం 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడినది, 2012లో రామ్‌సర్ జాబితాలో చేరినది.

తరువాతి చరిత్ర అంత సంతోషకరమైనది కాదు. అడవి తగలబడుతుందనే భయంతో వేసవిలో కూడా నీటిని ఎక్కువ ఎత్తున నిలిపి ఉంచడం వలన కొంగలు తినే ఎలియోకారిస్ అనే తుంగ జాతి మొక్క దుంపలు తగ్గిపోయాయి. చుట్టుప్రక్కల పొలాలలో సాగు కూడా తీవ్రమైనది. 1988లో వెయ్యికి పైగా లెక్కించబడిన సారస కొంగలు తరువాతి దశాబ్దాలలో క్రమంగా తగ్గి, కొన్ని సంవత్సరాలలో ఒక్కటి కూడా రాలేదు. థాయిలాండ్ సహకారంతో కొంగలను పెంచి వదిలే పథకం 2022-2032 కాలానికి రూపొందినది. దానితోపాటు నీటిమట్టాన్ని ఋతువును బట్టి తగ్గించే పద్ధతిని కూడా చేపట్టారు.

ఆ లువోయ్ లోయ

మధ్య వియత్నాంలో హ్యూ నగరానికి పడమర, లావోస్ సరిహద్దు దగ్గర ఆ లువోయ్ లోయ ఉన్నది. హో చి మిన్ మార్గం ఈ లోయ గుండా పోయేది. ఇక్కడి ఆ సో పాత వైమానిక స్థావరంలో 1990వ దశకంలో జరిపిన పరీక్షలలో మట్టిలోను, దగ్గరి చెరువులలోని చేపలు, బాతుల కొవ్వులోను డయాక్సిన్ ఎక్కువగా ఉన్నట్లు తేలినది. విషపు నేలను శుద్ధిచేయడం ఖరీదైన పని కనుక అటవీ శాస్త్రజ్ఞుడు ఫుంగ్ తూ బోయ్ ఒక చవకైన ఉపాయం చేశాడు. 2000వ దశకంలో ఆ స్థలం చుట్టూ పొడవైన ముళ్ళు గల గ్లెడిట్సియా చెట్లను దట్టంగా నాటించి, మనుషులు, పశువులు లోపలికి పోకుండా సజీవ కంచెగా పెంచాడు. ఈ చెట్టు కాయలను వియత్నాంలో మన కుంకుడు కాయల వలె తల రుద్దుకోవడానికి వాడతారు కనుక గ్రామీణులకు కొంత ఆదాయం కూడా వచ్చే అవకాశం ఉన్నది.

పెద్ద స్థావరాలలో యంత్రాలతో శుద్ధి జరిగినది. డా నాంగ్ విమానాశ్రయంలో 2012-2018 మధ్య అమెరికా, వియత్నాం ప్రభుత్వాలు కలసి సుమారు 90,000 ఘనపు మీటర్ల మట్టిని 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి డయాక్సిన్‌ను నాశనం చేశాయి. ఇంకా పెద్దదైన బియెన్ హోవా స్థావరంలో పని 2019లో మొదలైనది.

జాతీయ కార్యక్రమాలు

* 1980వ దశకం: ప్రపంచ ఆహార కార్యక్రమం మొక్కలు నాటినవారికి కూలిగా ఆహార ధాన్యాలు ఇచ్చినది. నీలగిరి, సరుగుడు వంటి త్వరగా పెరిగే చెట్లు ఎక్కువగా నాటబడినవి.
* 1991: అటవీ రక్షణ, అభివృద్ధి చట్టం వచ్చినది. అటవీ భూములను కుటుంబాలకు దీర్ఘకాలంపై అప్పగించడం మొదలైనది.
* 1992-1998: "327 కార్యక్రమం". బోడి కొండలను పచ్చగా మార్చడం దీని ఉద్దేశం.
* 1998-2010: "661 కార్యక్రమం" లేక 50 లక్షల హెక్టార్ల కార్యక్రమం. 2010 నాటికి అటవీ విస్తీర్ణాన్ని 1943 నాటి 43 శాతానికి చేర్చడం దీని లక్ష్యం. గడువు నాటికి 39.5 శాతం మాత్రమే సాధ్యమైనది.
* 2008, 2011: అటవీ సేవలకు చెల్లింపు. మొదట లామ్ డోంగ్, సోన్ లా రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా, 2011 నుండి దేశమంతటా అమలైనది. జలవిద్యుత్ కేంద్రాలు యూనిట్ విద్యుత్తుకు మొదట 20 డాంగ్‌లు, 2017 నుండి 36 డాంగ్‌ల వంతున చెల్లిస్తే ఆ సొమ్ము ఎగువన అడవిని కాపాడే కుటుంబాలకు చేరుతుంది. డాంగ్ వియత్నాం నాణెం.
* 2017: మిగిలిన సహజ అడవులను నరికి ఇతర అవసరాలకు మార్చడాన్ని నిలిపివేయాలని ఆదేశాలు వచ్చాయి.
* 2021-2025: వంద కోట్ల చెట్లు నాటే పథకం.

ఉత్తర తీర ప్రాంతాలలో 1994 నుండి రెడ్ క్రాస్ సంస్థ సముద్రపు కట్టల ముందు మడ మొక్కలు నాటించినది. సుమారు 9,000 హెక్టార్లలో పెరిగిన ఈ మడలు 100 కిలోమీటర్ల మేర కట్టలను తుఫాను అలల నుండి కాపాడుతున్నవి.

ఫలితాలు

దేశ విస్తీర్ణంలో అడవుల శాతం సుమారుగా ఈ విధంగా మారినది:

* 1943: 43
* 1976: 34
* 1990: 28
* 2010: 39.5
* 2020: 42

2020 లెక్కల ప్రకారం మొత్తం అడవి సుమారు 1 కోటి 47 లక్షల హెక్టార్లు. ఇందులో సహజమైన అడవి 1 కోటి 3 లక్షల హెక్టార్లు, నాటినది 44 లక్షల హెక్టార్లు. ఉష్ణమండల దేశాలలో అడవి తగ్గడం ఆగి పెరగడం మొదలైన కొద్ది దేశాలలో వియత్నాం ఒకటి.

విమర్శలు, మిగిలిన సమస్యలు

ఈ శాతాలు అడవి విస్తీర్ణాన్ని చెబుతాయి గాని దాని నాణ్యతను చెప్పవు. నాటిన అడవులలో అధిక భాగం అకేషియా తోటలు. వీటిని అయిదు నుండి ఏడు సంవత్సరాలకు ఒకసారి మొదలంటా నరికి కాగితపు పరిశ్రమకు చెక్కముక్కలుగా ఎగుమతి చేస్తారు. చిన్న రైతులకు ఇది ముఖ్యమైన ఆదాయం కనుక దీనిని తేలికగా తీసిపారవేయడానికి వీలు లేదు. కాని నరికిన ప్రతిసారీ వాలు నేలలు వర్షానికి బయటపడతాయి. 2020 అక్టోబరులో మధ్య వియత్నాంలో వరదలకు కొండచరియలు విరిగిపడి అనేకమంది మరణించినప్పుడు ఈ తోటలు సహజమైన అడవికి సాటిరావన్న చర్చ దేశమంతటా జరిగినది.

దేశంలో చెట్లు నరకడం తగ్గినప్పుడు ఫర్నిచర్ పరిశ్రమకు కావలసిన కలప లావోస్, కంబోడియాల నుండి వచ్చినది. ఒక దేశపు అడవి పెరుగుదలకు పొరుగు దేశాల అడవులు మూల్యం చెల్లించాయని విమర్శకులు అన్నారు. అక్రమ కలపను అరికట్టడానికి యూరోపియన్ యూనియన్‌తో చేసుకొన్న ఒప్పందం 2019లో అమలులోకి వచ్చినది. తీర ప్రాంతంలో 1980, 1990వ దశకాలలో రొయ్యల చెరువుల కొరకు కా మౌ వంటి చోట్ల మడ అడవులను నరికివేశారు. యుద్ధంలో పోయి తిరిగి పెరిగిన అడవి కూడా కొంత ఇలా పోయినది.

పేలని బాంబులు మరొక సమస్య. దేశ భూభాగంలో ఆరో వంతుకు పైగా వీటి బెడద ఉన్నట్లు ప్రభుత్వ సర్వే తేల్చినది. క్వాంగ్ ట్రి ప్రాంతంలో మొక్క నాటడానికి గుంత త్రవ్వేముందు లోహ శోధన యంత్రంతో నేలను పరీక్షించవలసి వస్తుంది.

శాస్త్రజ్ఞుల కృషి

* ఆర్థర్ గాల్‌స్టన్: అమెరికా వృక్ష శాస్త్రజ్ఞుడు. 1940వ దశకంలో సోయా చిక్కుడు త్వరగా పూయడానికి పనికివచ్చే రసాయనంపై పరిశోధన చేస్తూ, మోతాదు పెరిగితే అది ఆకులను రాల్చుతుందని గమనించాడు. ఆకులు రాల్చే రసాయనాలు తరువాత ఆయుధాలుగా మారడం చూసి వాటికి వ్యతిరేకంగా ఉద్యమించాడు. 1970లో "ఎకోసైడ్" అనే పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దీనిని పర్యావరణ హననం అనవచ్చును.
* వో క్వి (1929-2017): హనోయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. రసాయనాల ప్రభావాన్ని అధ్యయనం చేసి, గ్రామీణుల సహకారంతో అడవుల పునరుద్ధరణకు కృషిచేశాడు. 2003లో బ్లూ ప్లానెట్ బహుమతి పొందాడు.
* ఫాన్ న్గుయెన్ హాంగ్: మడ అడవుల నిపుణుడు. మడల పునరుద్ధరణకు చేసిన కృషికి 2008లో జపాను వారి కాస్మోస్ బహుమతి పొందాడు.

అంతర్జాతీయ చట్టాలపై ప్రభావం

వియత్నాం అడవుల విధ్వంసం యుద్ధ నియమాలలో మార్పులకు దారితీసినది. 1975లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ యుద్ధంలో కలుపు సంహారకాలను ముందుగా ప్రయోగించబోమని ఉత్తర్వు జారీచేశాడు. సైనిక స్థావరాల ఆవరణలో వాడడానికి మాత్రం ఆ ఉత్తర్వులో మినహాయింపు ఉన్నది. పర్యావరణాన్ని మార్చే పద్ధతులను యుద్ధానికి వాడరాదనే ఐక్యరాజ్య సమితి ఒప్పందం 1978లో అమలులోకి వచ్చినది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అనుబంధం ప్రకృతికి విస్తృతమైన, దీర్ఘకాలికమైన, తీవ్రమైన హాని కలిగించే యుద్ధ పద్ధతులను నిషేధించినది.

ఇవి కూడా చూడండి

* వియత్నాం
* వియత్నాం యుద్ధం
* హో చి మిన్
* మడ అడవులు
* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
* డయాక్సిన్